పాత డీజిల్ పికప్ ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది: డీజిల్ పంపు విప్పించాలా?

మీరు రాసింది ఇదీ: మదనపల్లె నుంచి బెంగళూరుకు టమాటా తోలే పాత డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్) పికప్. పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని అందుకోదు. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే లాగలేక ఆగిపోతుంది, పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ డీజిల్ పంపు విప్పాలంటున్నాడు.

ఇప్పుడే విప్పనివ్వకండి. డీజిల్ పంపు రోటరీ రకమైతే, అది లోపల అరిగినప్పుడు సాధారణంగా బండి వేడి మీద మొరాయించి, చల్లారాక అందుకుంటుంది. మీది చల్లటి పొద్దున కూడా మొరాయిస్తోంది. నా అనుమానమంతా ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ (ట్యాంకు నుంచి డీజిల్ లాగి డీజిల్ పంపుకు అందించే చిన్న పంపు) మధ్య దారి మీదే.

ఆ దారిలో డీజిల్‌ను ఫీడ్ పంపు పీల్చుకుంటుంది. కాబట్టి అక్కడ హోస్ పగిలినా, క్లాంప్ వదులైనా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. "ఎక్కడా లీకు లేదన్నా" అని మెకానిక్ చెప్పేది అందుకే. రాత్రంతా బండి నిలబడితే ఆ సందులోంచి గాలి దూరి, డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. రేపు పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు డీజిల్ లైన్లో ఉండే చేతి పంపును గట్టిపడేదాకా కొట్టి చూడండి. వెంటనే అందుకుంటే జారిపోతున్నట్టే లెక్క. ఫీడ్ పంపు వాల్వులో చెత్త పడినా ఇదే జరుగుతుంది.

ఎత్తులో ఆగడానికి కారణం ట్యాంకులోని జాలీ కావచ్చు. గుడ్డపీలికో, తుప్పు పొట్టో జాలీకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగి పీల్పు తగ్గగానే రాలిపోతుంది. పది నిమిషాల మర్మం అదే. పైగా జాలీ మూసుకుంటే పీల్పు పెరిగి, వదులు జాయింటు ఇంకా ఎక్కువ గాలి లాగుతుంది. రెండు జబ్బులకూ మూలం ఒకటే అయ్యుండొచ్చు.

తేల్చుకోవడానికి 5 లీటర్ల క్యాను చాలు. శుభ్రమైన డీజిల్ పోసి, మూతకు గాలి రంధ్రం పెట్టి, బండి వెనక తొట్టిలో క్యాబిన్‌కు ఆనించి కట్టండి. అక్కడి నుంచి కొత్త హోస్‌ను సైలెన్సర్ పైపుకు తగలకుండా తెచ్చి, నేరుగా ఫీడ్ పంపుకు కలిపి, లోడుతో ఒక ఎత్తు ఎక్కించండి. బాగా లాగితే తప్పు ట్యాంకు వైపు. అప్పుడు జాలీ, హోసులు, ట్యాంకు మూత చూడాలి. మూత రంధ్రం పూడితే, తీయగానే బుస్సుమంటుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు బాగుండి సగానికి దిగగానే మొదలైతే, లోపలి పైపు పగిలిందేమో చూడండి.

క్యానుతోనూ లాగకపోతే ఫిల్టర్లు మార్చండి. పాత ఫిల్టర్ అడుగు డీజిల్‌ను గాజు సీసాలో పట్టి పావుగంట ఉంచితే, నీళ్లుంటే కిందికి దిగుతాయి. నల్ల పొగతో లాగకపోవడం వేరే కథ. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత నాజిళ్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) చూడాలి. సెల్ఫ్ కొడుతుంటే పొగే రాకపోతే డీజిల్ అందట్లేదు. ఇంజన్ ఆపే కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తోందా, సోలినాయిడ్ (కీ తిప్పితే డీజిల్ దారి తెరిచే కరెంటు వాల్వు) ఉంటే కీ తిప్పగానే టిక్కుమంటోందా చూడండి. ఇవన్నీ సరిగా ఉన్నాకే పంపు మాట.

విప్పిన పైపు జాయింట్లలో రాగి వాషర్లు పాతవి తిరిగి వేయొద్దు. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ల దుకాణాల్లో కొత్తవి దొరుకుతాయి. బిగించాక ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ నిండుగా కారేదాకా చేతి పంపు కొట్టండి. స్క్రూ బిగించాకే ఆపాలి. నాజిల్ నట్లు వదులు చేసి గాలి తీయడం పాత మెకానికల్ పంపు బండ్లకే, అప్పుడూ చెయ్యి దూరంగా ఉంచాలి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్లే) బండికైతే ఆ నట్ల జోలికే పోకండి.