ఆటల పేజీ – పాఠకుల ప్రశ్నలు: ఓడితే తప్పంతా కోచ్‌దేనా?

మా మనవడు అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఆడ ఫుట్‌బాల్ అంటే మన గంగజాతర మాదిరి అంట. ఏటా తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించిన కోచ్‌ను గూడా ఇంటికి పంపించినారని చెప్పినాడు. ఇంకేం కావాల వాళ్లకి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

మీ మనవడు చెప్పింది బో పెలీనీ సంగతి అయివుంటుంది. (ఇది మన కాలిబంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఉరికే ఆట. జట్టుకు 11 మంది, మామూలుగా సీజన్‌కు 12 మ్యాచ్‌లు.) 2008 నుంచి 2014 దాకా ఏడు సీజన్లలో ఆయన గెలుపులు ఏనాడూ తొమ్మిదికి తగ్గలేదు. అయితే పెద్ద మ్యాచ్‌లలో చిత్తుగా ఓడేవాడు. 2012 కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్) ఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో 31-70. జనం మనసులో మిగిలింది అదే.

అభిమానుల దగ్గరున్న కొలబద్ద నెబ్రాస్కా పాత కోచ్ టామ్ ఆస్బోర్న్. 1994, 1995, 1997లలో జాతీయ టైటిళ్లు తెచ్చినాయన. 1973లో పగ్గాలు పట్టిన ఆయనకు మొదటి టైటిల్ వచ్చింది 22వ సీజన్‌లో. ఆ మాట ఎవరికీ గుర్తుండదు. పైగా రాష్ట్రం జనాభా దాదాపు 20 లక్షలే. మంచి ఆటగాళ్లను టెక్సాస్, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి బతిమాలి తెచ్చుకోవాలి. పెలీనీ తర్వాత వచ్చిన మైక్ రైలీ మూడేళ్లలో 19 గెలిచి, 19 ఓడాడు. కోచ్ మీద కోపం వస్తే రానీండి, కానీ ఆ ఊరికి అంతకన్నా మేలైనవాడు వస్తాడా అన్నది ముందు చూసుకోవాలి.

గెలుపోటములు చూడకపోతే కోచ్‌ను దేంతో కొలవాల? లెక్క ఏదైనా ఉందా?
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

ఉంది, కాగితం పెన్ను చాలు. అదే నెబ్రాస్కా 2021 సీజన్ తీసుకోండి. కోచ్ స్కాట్ ఫ్రాస్ట్. మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. చేసిన పాయింట్లు 335, ఇచ్చినవి 272. అంటే 63 మిగులు! ఇంత మిగులున్న జట్టు తొమ్మిది ఓడడం ఏమిటి?

మొదట ఎనిమిది పాయింట్లలోపు తేడాతో తేలిన మ్యాచ్‌లను పక్కకు తీయండి. టచ్‌డౌన్‌కు (బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించడానికి) ఆరు, దానిమీద అదనంగా మహా అయితే రెండు – ఎనిమిది పాయింట్లంటే ఒక్క దెబ్బతో సమమయ్యే తేడా. ఇలాంటివి ఏళ్ల మీద సగం సగం పడతాయి. జారిన బంతి ఎవరి చేతిలో పడిందన్నదే ఫలితం తేల్చేస్తుంది. ఫ్రాస్ట్ ఆ ఏడాది ఓడిన తొమ్మిదిలో ఎనిమిది ఇవే, మిగిలిందాంట్లో తేడా తొమ్మిది.

‘పాపం, దురదృష్టం’ అనేస్తే మాత్రం పొరపాటు. ఆ మిగులును విప్పి చూడండి: మూడు గెలుపుల్లోనే 119 పాయింట్ల ఆధిక్యం, అందులో రెండు ఫోర్డ్‌హామ్, బఫలో లాంటి చిన్న జట్ల మీద. మిగతా తొమ్మిదింటిలో 56 లోటు. కాబట్టి బలహీన జట్ల మీద కొట్టిన పాయింట్లు తీసేశాకే మిగులు లెక్కేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

తర్వాత మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి. ఒక ఏడాది దగ్గరి మ్యాచ్‌లు పోతే అదృష్టం మీద తోసేయవచ్చు. ఫ్రాస్ట్ హయాం మొత్తంలో అలాంటివి 27 వస్తే 22 పోయాయి. అది కోచ్ ఖాతాలోదే. 2022లో డబ్లిన్‌లో 28-17తో ముందుండి, తన్నిన బంతిని మళ్లీ తామే చిక్కించుకోవాలని ఆన్‌సైడ్ కిక్ కొట్టించాడు. బంతి నార్త్‌వెస్టర్న్‌కు దొరికింది, మ్యాచ్ 28-31తో పోయింది. తర్వాత రెండు మ్యాచ్‌లకే ఉద్యోగమూ పోయింది.

మొదటి ఏడాది ఫలితాలకు మాత్రం బరువు తక్కువ ఇవ్వండి. అలబామా జట్టుకు కోచ్‌గా నిక్ సబన్ మొదటి ఏడాది 2007లో 7 గెలిచి 6 ఓడాడు, 2009లో 14కు 14 గెలిచాడు. కానీ 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్ల జాబితా) వచ్చాక ఆటగాళ్లు కాలేజీలు మారడం సులువైంది. జట్టును రెండు సీజన్ల మధ్య విరామంలోనే మార్చేయవచ్చు. ఇప్పుడు అయిదేళ్లు ఓపిక పట్టమని ఏ కోచ్ అడిగినా ఒప్పుకోనక్కర్లేదు.

మాది మామూలు ఫుట్‌బాల్. ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి రౌండ్‌లోనే పోయినాము. అందరూ పీడీ సార్‌ను తిడతా ఉండారు. ఆయన తప్పేనా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

నాకౌట్‌లో ఒక్క మ్యాచ్‌తో ఏదీ తేలదు. గోల్స్ ఏ నిమిషంలో పడ్డాయో రాసుకోండి. చివరి పావుగంటలో పడితే ఒంట్లో సత్తువ చాల్లేదని. అది ప్రాక్టీస్ లోపం. అయితే బెంచీ మీద మార్చడానికి ఒక్కడూ లేకుండా వెళ్లుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కార్నర్లకు, ఫ్రీకిక్కులకు పడితే ఎవరు ఎవర్ని కాచుకోవాలో నేర్పలేదని అర్థం, దానికి సార్‌నే అడగండి. అడిగే ముందు హాజరు పుస్తకం తీసి, టోర్నీకి ముందు నెలలో 11 మందీ కలిసి ఎన్ని రోజులు గ్రౌండ్‌లో ఉన్నారో చూడండి. బంతులూ లెక్కపెట్టండి. 18 మందికి రెండు బంతులే ఉంటే ప్రాక్టీస్‌లో సగం సేపు నిలబడి చూడ్డమే సరిపోతుంది.