డార్క్ స్కెచ్ కామెడీ (చావు, క్రూరత్వం లాంటివాటి మీద అల్లిన చిన్న చిన్న హాస్య నాటికలు) చూస్తే నవ్వు రాకపోగా భయం వేస్తోంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు యూట్యూబ్‌లో ‘ద లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్’ అనే బ్రిటిష్ టీవీ కామెడీ సీరీస్ క్లిప్ ఒకటి చూశానని, ఆ కొట్టు నడిపే జంటని చూస్తే ఒళ్ళు జలదరించిందని రాశారు. నాకూ మొదట అదే అయింది. తప్పు ఆ క్లిప్పుది. ఈ సీరీస్‌ని ముక్కలుగా చూస్తే భయమే మిగులుతుంది.

మాంచెస్టర్‌లో మాస్టర్స్ అయ్యాక ఏడు నెలలు నాకు ఉద్యోగం లేదు. వారానికోసారి ఒక కన్సల్టెన్సీకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్కడి ఆవిడ నా రెజ్యూమే తెరవకుండానే నా యాస గురించి క్లాసు పీకేది. ఆ రోజుల్లో నాతో ఇల్లు పంచుకున్న అక్కడి కుర్రాడు ఈ డీవీడీలు చేతిలో పెట్టి, మొదటి ఎపిసోడ్ నుంచి రోజుకొకటి చూడమన్నాడు.

1999 జనవరిలో బీబీసీ టూలో మొదలైందిది. మార్క్ గాటిస్, స్టీవ్ పెంబర్టన్, రీస్ షియర్‌స్మిత్ ముగ్గురే ఆడా మగా వేషాలు చాలావరకు కట్టేస్తారు. జెరెమీ డైసన్ వాళ్ళతో కలిసి రాస్తాడు. అన్ని స్కెచ్‌లూ రాయ్‌స్టన్ వేసీ అనే ఒకే ఊళ్ళో జరుగుతాయి. ఇక్కణ్ణుంచి మీరు ఎప్పటికీ వెళ్ళరు అని ఊరి బోర్డు మీదే రాసి ఉంటుంది.

అందులో పౌలీన్ అనే ఆఫీసరు ఉంటుంది. నిరుద్యోగులకు ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో నేర్పడం ఆవిడ పని. పెన్నులంటే ప్రాణం, ఎదురుగా కూర్చున్న మనుషులంటే చులకన. వాళ్ళకి ఉద్యోగాలు దొరికితే తన ఉద్యోగం ఉండదు కాబట్టి, ఒక్కణ్ణీ పైకి రానివ్వదు. ఆ క్లాసు చూసి నేను చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. నవ్వుతుంటే కడుపులో మంట కూడా తగ్గింది. తర్వాత ఆవిడ ఉద్యోగం పోతుంది. రెండో సీరీస్‌కి, అంటే రెండో సీజన్‌కి, వచ్చేసరికి ఆవిడే నిరుద్యోగి. పైగా తను ఏడిపించిన రాస్ అనేవాడి ముందే ఇప్పుడు కూర్చోవాలి. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది, ఆవిడ మీద జాలేసింది. మామూలు స్కెచ్ మూడు నిమిషాల్లో ఒక పంచ్‌తో అయిపోతుంది, ఆ మనిషి ఏమయ్యాడో మనకి అక్కర్లేదు. ఇక్కడ అదే మనిషి వారం వారం ఇంకొంచెం దిగజారి మళ్ళీ ఎదురవుతాడు. మీరు చూసిన క్లిప్పులో లేనిది అదే.

ఆ కొట్టు సంగతికొద్దాం. టబ్స్, ఎడ్వర్డ్ అనే ఆ ఇద్దరూ వచ్చినవాణ్ణల్లా నీది ఈ ఊరేనా అని అడుగుతారు. కాదంటే వాడి పని అయిపోయినట్టే. నాకు మా పల్నాడు పల్లె గుర్తొచ్చింది. కొత్తవాడు బస్సు దిగితే చాలు, “ఎవరి తాలూకు బాబూ?” అని నలుగురు ఆరా తీసేదాకా వదలరు. బయటివాడంటే అన్ని ఊళ్ళకీ ఉండే బెరుకే అది. వీళ్ళు దాన్ని హత్యదాకా లాగారు.

షూటింగ్ జరిగిన ఊరు డెర్బీషైర్‌లోని హ్యాడ్‌ఫీల్డ్. మాంచెస్టర్ పికడిల్లీలో రైలెక్కితే అదే ఆఖరి స్టేషను. ఒక ఆదివారం వెళ్ళాను. స్టేషన్ రోడ్డు, రాతి ఇళ్ళు, వెనక చెట్టూ చేమా లేని కొండలు, ముసురు. కొట్టు మాత్రం అక్కడ కనపడదు, అది వేరేచోట కొండమీద బంజరులో వేసిన సెట్టు. అయినా ఆ వీధిలో పది నిమిషాలు నిలబడితే ఆ కథలు ఎక్కణ్ణుంచి పుట్టాయో తెలిసిపోయింది.

కాబట్టి మొదటి సీరీస్ నుంచి వరసగా చూడండి. మొదటి రెండింటిలో ప్రేక్షకుల నవ్వులు వినిపిస్తాయి, అవి కొత్తవాళ్ళకి ధైర్యం. 2002లో వచ్చిన మూడో దాంట్లో ఆ నవ్వులు తీసేశారు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో మనిషి కథ, అన్నీ ఒకే రోడ్డు ప్రమాదం దగ్గర కలుస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే, కానీ దానితో మొదలుపెట్టకండి. పాపా లాజరూ అనే పాత్ర ముఖానికి నల్లరంగు పూసుకుని వస్తుంది. అది నల్లజాతివాళ్ళని అవమానించినట్టుందన్న అభ్యంతరంతోనే 2020లో నెట్‌ఫ్లిక్స్ ఈ సీరీస్‌ని తీసేసింది. అభ్యంతరం న్యాయమైనదేనని నా అభిప్రాయం, ముందే తెలిసి చూడండి.

భయం లేకుండా వింత మాత్రమే కావాలంటే 1969లో మొదలైన ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ అనే స్కెచ్ షో ఉంది. స్కెచ్ మధ్యలో కల్నల్ వేషంలో ఒకడు వచ్చి, ఇది మరీ పిచ్చిగా ఉంది, ఆపండి అంటాడు. ముగింపు పంచ్ లేకుండానే తర్వాతి దాంట్లోకి వెళ్ళిపోతారు.

క్రిస్ మోరిస్ తీసిన ‘జామ్’ అనే స్కెచ్ షో మాత్రం ఆఖరికి ఉంచుకోండి. 2000లో ఛానల్ ఫోర్‌లో యాడ్స్ బ్రేక్ లేకుండా వేశారు, నవ్వులు లేవు. చనిపోయిన పసిబిడ్డని బాగుచేయమని ఒక తల్లి ప్లంబర్‌ని పిలిచే స్కెచ్ ఉంది అందులో. ఇంట్లో ఆ దుఃఖం తెలిసినవాళ్ళుంటే పెట్టకండి. మా అక్క పక్కన ఉండగా నేను పెట్టాను. రెండు నిమిషాలకే ఆపేసి, ఇద్దరం బయటికెళ్ళి చాలాసేపు నడిచాం.