సముద్ర న్యాయపీఠంపై ఒక తెలుగు న్యాయకోవిదుడు

ఈ సంచికకు సముద్ర న్యాయం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వ్యక్తి చుట్టూ తిరిగాయి. అందువల్ల వాటన్నిటినీ ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి ఒక తెలుగువారు అధ్యక్షులుగా ఉన్నారని మా అధ్యాపకులు చెప్పారు. ఆయన ఎవరు? అంతకుముందు ఏ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు?
(న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: ఆయన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. 1936 ఏప్రిల్ 22న ఆంధ్రదేశంలోని వీరవల్లిలో జన్మించారు, మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. మీ రెండో ప్రశ్నకు జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఆయన జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న ఆ న్యాయస్థానపు పీఠం ఎక్కడానికి ముందు ఏ హైకోర్టులోనూ న్యాయమూర్తిగా లేరు. సముద్ర న్యాయస్థానపు నిబంధనావళి అభ్యర్థి నుంచి కోరేది నిష్పాక్షికతలో, నిజాయతీలో మంచి పేరు, సముద్ర న్యాయంలో అందరూ అంగీకరించిన ప్రావీణ్యం మాత్రమే. ఆ ప్రావీణ్యాన్ని ఆయన కోర్టు హాలులో కాకుండా గ్రంథాలయంలోనూ, ఒప్పందాల ముసాయిదాలు పరచుకున్న బల్లల దగ్గరా సంపాదించారు.

1960లలో ఢిల్లీలోని భారత అంతర్జాతీయ న్యాయ సంఘంలో పరిశోధకుడిగా మొదలుపెట్టి, ఆ తరువాత విదేశాంగ మంత్రిత్వ శాఖలోని న్యాయ, ఒప్పందాల విభాగంలో చేరారు. 1970ల తొలి సగంలో న్యూయార్క్‌లోని భారత శాశ్వత కార్యాలయంలో న్యాయ సలహాదారుగా పనిచేశారు. ఆ కాలం ఎటువంటిదో గుర్తుచేసుకుంటేనే ఆయన తరువాతి జీవితం అర్థమవుతుంది. ఐక్యరాజ్యసమితి మూడవ సముద్ర న్యాయ సమావేశం 1973 డిసెంబరులో న్యూయార్క్‌లోనే ఆరంభమై, తొమ్మిదేళ్ల చర్చల తరువాత 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో సముద్ర న్యాయ ఒప్పందంపై సంతకాలతో ముగిసింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి (చేపల వంటి వనరులపై తీరదేశానికి హక్కు ఉండే జలాలు) అని ఈ రోజు పాఠ్యపుస్తకాల్లో పిల్లలు చదివే కొలతలు ఆ చర్చల్లో స్థిరపడినవే. అవి తేలకముందే 1976లో మన పార్లమెంటు సముద్ర మండలాల చట్టం చేసి అదే పద్ధతిలో హద్దులు ప్రకటించుకుంది. చంద్రశేఖరరావు గారు ఆ సమావేశంలో పాల్గొన్న భారత ప్రతినిధి బృందంలో ఉన్నారు. ఒప్పందం కుదిరిన మరుసటి ఏడాదే, 1983లో, భారతదేశపు ఆచరణను ప్రత్యేకంగా పరిశీలిస్తూ కొత్త సముద్ర మండలాల న్యాయంపై ఒక సమగ్ర గ్రంథం వెలువరించారు. ఒక నియమం రూపుదిద్దుకోవడాన్ని దగ్గరగా చూసి, వెంటనే దానిని విమర్శకుడి కళ్లతో పరిశీలించి రాయగలగడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

తరువాత కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలో 1988 నుంచి 1996 వరకు కార్యదర్శిగా ఉన్నారు. ఈ రోజు వ్యాపార వివాదాల మధ్యవర్తిత్వానికి ఆధారమైన 1996 నాటి మధ్యవర్తిత్వ, రాజీ చట్టం ఆ కాలంలోనే వచ్చింది. భారతదేశం సముద్ర ఒప్పందాన్ని 1995 జూన్ 29న ధ్రువీకరించింది. మరుసటి ఏడాది సభ్యదేశాలు తొలిసారిగా 21 మంది న్యాయమూర్తులను ఎన్నుకున్నప్పుడు చంద్రశేఖరరావు గారు వారిలో ఒకరయ్యారు. 1996 అక్టోబరు నుంచి 2017 వరకు 21 ఏళ్లు ఆ పీఠంపై ఉన్నారు, 1999 నుంచి 2002 వరకు అధ్యక్షత వహించారు. 2012లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. 2018 అక్టోబరులో కన్నుమూశారు. ఇంతటి వ్యక్తి పేరు మన న్యాయ కళాశాలల్లో ఇంకా ఎక్కువగా వినిపించవలసి ఉందని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఓడ బాకీల విషయంలో మన హైకోర్టు ఓడను రేవులోనే ఆపేయమని ఉత్తర్వు ఇవ్వడం మా వృత్తిలో తరచుగా చూస్తుంటాము. హాంబర్గ్ న్యాయస్థానం చేసేది కూడా ఇదేనా?
(ఓడ ఏజెన్సీ ఉద్యోగి, కాకినాడ)

జవాబు: కాదు. మీరు చూసేది నౌకా న్యాయం, అంటే అడ్మిరల్టీ. సరకు యజమానికి, ఓడకు నూనె పోసిన వ్యాపారికి, జీతం అందని నావికుడికి రావలసిన సొమ్ముకు ఆ ఓడనే పూచీగా పట్టుకునే పద్ధతి అది. హాంబర్గ్ న్యాయస్థానం ముందుకు ప్రధానంగా దేశాలు వస్తాయి. సముద్రంలో ఎవరి హక్కు ఎంతవరకు అన్నదే అక్కడి ప్రశ్న.

అయితే అడ్మిరల్టీలో మన విశాఖ రేవుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1984లో ఎలిజబెత్ అనే విదేశీ ఓడ మార్మగోవాలో సరకు ఎక్కించుకుని బిల్ ఆఫ్ లేడింగ్ (సరకు ఎక్కించుకున్నట్లు ఓడవారు ఇచ్చే పత్రం) ఇవ్వకుండానే వెళ్లిపోయి, సరకును గమ్యస్థానంలో అప్పగించేసింది. అది తిరిగి వచ్చి విశాఖపట్నంలో నిలిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దానిని అరెస్టు చేశారు. బ్రిటిషు కాలపు 1861 చట్టం ప్రకారం రేవులోకి వచ్చే సరకుపైనే దావా చెల్లుతుంది కాబట్టి బయటికి వెళ్లిన సరకుపై హైకోర్టుకు అధికారం లేదని ఓడ తరఫువారు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మన హైకోర్టులు రాజ్యాంగం కింద ఉన్నత న్యాయస్థానాలనీ, వలస పాలన నాటి చట్టం గీసిన గిరి వాటిని బంధించదనీ చెప్పింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 2017 నాటి అడ్మిరల్టీ చట్టం పాత బ్రిటిషు చట్టాలను పూర్తిగా తొలగించింది.

ప్రశ్న: చంద్రశేఖరరావు గారు అధ్యక్షులుగా ఉన్న మూడేళ్లలో వచ్చిన తీర్పులను, న్యాయశాస్త్రం చదవని మావంటివారికి అర్థమయ్యేలా చెప్పగలరా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ)

జవాబు: తప్పకుండా. ఆ తీర్పుల్లో చాలావాటికి మూలం ఒక చేప. దక్షిణ హిందూ మహాసముద్రపు మంచునీటిలో దొరికే పటగోనియా టూత్‌ఫిష్‌కు విదేశీ విపణిలో విపరీతమైన ధర పలుకుతుంది. ఫ్రాన్సుకు చెందిన క్రోజే, కెర్గెలెన్ దీవుల చుట్టూ ఉన్న ఆర్థిక మండలిలో అనుమతి లేకుండా ఈ చేపను పట్టే ఓడలను ఫ్రెంచి నౌకాదళం పట్టుకుని రీయూనియన్ దీవికి తరలించేది. అక్కడి కోర్టు ఓడను విడుదల చేయడానికి భారీ పూచీకత్తు అడిగేది. సముద్ర ఒప్పందపు 73వ అధికరణం తీరదేశానికి అటువంటి ఓడలను నిర్బంధించే హక్కు ఇస్తూనే, సమంజసమైన పూచీకత్తు కట్టిన వెంటనే ఓడను, సిబ్బందిని వదిలిపెట్టాలని అంటుంది. పూచీకత్తు సమంజసంగా లేదని ఓడ జెండా దేశం, అంటే ఓడ నమోదైన దేశం, భావిస్తే 292వ అధికరణం కింద నేరుగా సముద్ర న్యాయస్థానానికి రావచ్చు.

కమూకో అనే ఓడ విషయంలో పనామా 2000 జనవరి మధ్యలో అర్జీ పెట్టగా ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది. అంతర్జాతీయ కోర్టుల్లో దావాలు ఏళ్ల తరబడి సాగడమే మనకు తెలుసు. మూడు వారాల్లో రెండు దేశాల వాదనలు విని, 21 మంది న్యాయమూర్తులు చర్చించుకుని తీర్పు రాయడం ఎంత క్రమశిక్షణతో సాధ్యమై ఉంటుందో ఊహించండి. ఫ్రెంచి కోర్టు అడిగిన 2 కోట్ల ఫ్రాంకులను న్యాయస్థానం 80 లక్షలకు తగ్గించింది. ఆ అంకె కన్నా, దానిని చేరుకోవడానికి చెప్పిన కొలమానాలు నాకు ముఖ్యంగా తోస్తాయి: ఆరోపించిన నేరం ఎంత తీవ్రమైనది, దానికి ఎంత శిక్ష పడవచ్చు, ఓడ విలువ ఎంత, పట్టుకున్న సరకు విలువ ఎంత, అడిగిన పూచీకత్తు ఎంత, అది ఏ రూపంలో కట్టాలి. సమంజసం అనే మాట ఎవరికి తోచినట్లు వారు వాడుకునే మాటగా మిగలకుండా, లెక్క చూడదగిన మాటగా మారింది ఇక్కడే.

అదే ఏడాది డిసెంబరు 18న మోంటే కన్‌ఫుర్కో ఓడ విషయంలో, సేషెల్స్ అర్జీపై, 5 కోట్ల 64 లక్షల ఫ్రాంకుల పూచీకత్తును 1 కోటి 80 లక్షలకు దించారు. అందులోనూ ఫ్రాన్సు అప్పటికే స్వాధీనం చేసుకున్న 158 టన్నుల చేప విలువ 90 లక్షలుగా లెక్కకట్టి, దానిని పూచీకత్తులో భాగంగానే చూడాలన్నారు. దీనిని బట్టి ఆ న్యాయస్థానం ఓడల పక్షం వహించేదని అనుకోవడం పొరపాటు. 2001 ఏప్రిల్‌లో గ్రాండ్ ప్రిన్స్ అనే ఓడ కోసం బెలీజ్ వచ్చినప్పుడు, ఆ ఓడ నిజంగా బెలీజ్ జెండా కిందే ఉందని రుజువు కాలేదంటూ 12 మంది ఒకవైపు, 9 మంది మరొకవైపు నిలిచిన తీర్పుతో అర్జీని తిరస్కరించారు. ఉభయపక్షాలూ ఎత్తని ప్రశ్నను కూడా తమ అధికార పరిధికి సంబంధించినదైతే న్యాయమూర్తులే పరిశీలించాలన్న సూత్రం అక్కడ ఆచరణలోకి వచ్చింది.

ఇక చేపలతో సంబంధం లేని దావా ఒకటి. ఐరిష్ సముద్రపు ఒడ్డున సెల్లాఫీల్డ్‌లో బ్రిటన్ నెలకొల్పిన మాక్స్ అణు ఇంధన కర్మాగారం వల్ల తమ జలాలు కలుషితమవుతాయని ఐర్లాండ్ వచ్చింది. 2001 డిసెంబరు 3న న్యాయస్థానం కర్మాగారాన్ని ఆపమని అనలేదు. అయితే రెండు దేశాలూ వెంటనే సంప్రదింపులు మొదలుపెట్టి, సమాచారం ఇచ్చిపుచ్చుకుని, ప్రమాదాలను గమనిస్తూ నివారణ మార్గాలు ఆలోచించాలని ఆదేశించింది. పరస్పర సహకారం సముద్ర పర్యావరణ రక్షణకు మౌలిక సూత్రమన్న ఆ మాటను తరువాతి దావాల్లో ఎందరో ఉదహరించారు. కొందరు విమర్శకులకు ఇది మెత్తని ఉత్తర్వుగా కనిపించింది. అసలు వివాదం మరో మధ్యవర్తిత్వ మండలి ముందు ఉండగా, తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవలసిన న్యాయస్థానం అంతకుమించి వెళ్లకపోవడమే సరైనదని నేను భావిస్తాను.

ప్రశ్న: 2018 నవంబరులో మా జిల్లా మత్స్యకారులు గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు పట్టుబడి ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. ఓడలను మూడు వారాల్లో విడిపించే న్యాయస్థానం ఉండగా వీరిని ఎందుకు విడిపించలేదు?
(పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: మీ ప్రశ్నలోని బాధ న్యాయమైనది. ఆ కుటుంబాలు వారి కోసం 2020 జనవరి వరకు ఎదురుచూశాయి. అప్పుడు 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. భారత్, పాకిస్థాన్ రెండూ సముద్ర ఒప్పందంలో సభ్యులే. ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలను ఉల్లంఘించినవారికి, ఆయా దేశాల మధ్య వేరే ఒడంబడిక ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదని 73వ అధికరణం స్పష్టంగానే చెబుతోంది.

అయితే ఆ రక్షణ ఆర్థిక మండలికే వర్తిస్తుంది, 12 నాటికల్ మైళ్ల లోపలి ప్రాదేశిక జలాలకు వర్తించదు. పడవ పట్టుబడిన చోటు ఏ మండలిలో ఉందన్నదే మొదటి చిక్కు. సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలకపోవడం ఆ చిక్కును ఇంకా పెంచుతుంది. రెండో చిక్కు, అర్జీ పెట్టవలసింది సరంగు గానీ పడవ యజమాని గానీ కాదు, జెండా దేశమే లేదా దాని అనుమతి పొందినవారే. ఒక ఇనుప ఓడకు పూచీకత్తు కట్టే కంపెనీ ఉంటుంది. చిన్న మరపడవలో కూలికి వెళ్లినవాడికి ప్రభుత్వం తప్ప మరెవరూ లేరు. అందుకే ఈ సమస్య కోర్టు మెట్లు ఎక్కకుండా దౌత్య మార్గంలోనే నడుస్తోంది. ఒప్పందంలోని అక్షరం మన మత్స్యకారుడి దాకా చేరకపోవడం నిజంగా పెద్ద లోటు.

ప్రశ్న: సొంత దేశం పక్షంగా ఉన్న దావాలో ఆ దేశపు న్యాయమూర్తి కూర్చోవడం పక్షపాతం కాదా?
(పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: నిబంధనావళి దానిని అనుమతిస్తుంది. అవతలి దేశానికి పీఠంపై తనవారు లేకపోతే ఆ దావా మేరకు ఒకరిని నియమించుకోవచ్చు. ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ దావాకు ఏర్పాటైన ఐదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ మండలిలో భారతదేశం తన తరఫున చంద్రశేఖరరావు గారినే నియమించింది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దాదాపు 20 నాటికల్ మైళ్ల దూరంలో ఇటలీ నావికాదళ సైనికులు ఇద్దరు మత్స్యకారులను కాల్చి చంపిన ఘటన అది. తీర్పు 2020 మే నాటిది. అప్పటికి ఆయన లేరు. ఆయన స్థానంలో మరో తెలుగు న్యాయకోవిదుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కూర్చున్నారు. సైనికులకు భారత కోర్టుల విచారణ నుంచి మినహాయింపు ఉందనీ, అయితే మన పడవ నౌకాయాన స్వేచ్ఛకు భంగం కలిగించినందుకు ఇటలీ పరిహారం చెల్లించాలనీ మండలి తేల్చింది. 2021లో 10 కోట్ల రూపాయలు సుప్రీంకోర్టు ద్వారా అందాయి.

న్యాయమూర్తి నిష్పాక్షికతను అతని పాస్‌పోర్టు బట్టి కాక అతను పట్టుబట్టే పద్ధతి బట్టి చూడటం మేలు. 2012 మార్చి 14న బంగ్లాదేశ్, మయన్మార్ మధ్య బంగాళాఖాతపు సరిహద్దును హాంబర్గ్ న్యాయస్థానం నిర్ణయించింది. సముద్ర సరిహద్దుపై అది ఇచ్చిన మొదటి తీర్పు అదే. సమదూర రేఖతో మొదలుపెట్టి, బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉన్నందున ఆ రేఖను పక్కకు జరిపారు. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే చంద్రశేఖరరావు గారు మరో ఇద్దరు న్యాయమూర్తులతో కలిసి ఒక చిన్న ప్రకటన జతచేశారు. సమదూర రేఖ నుంచి బయలుదేరి, సంబంధిత పరిస్థితులను బట్టి సవరించే పద్ధతిని స్వచ్ఛంగా ఉంచాలనీ, ఇన్నేళ్లలో క్రమంగా తగ్గించుకుంటూ వచ్చిన వ్యక్తిగత అభిప్రాయాల పాలును అందులోకి మళ్లీ రానివ్వకూడదనీ దాని సారాంశం. అదే బంగాళాఖాతంలో మన దేశపు సరిహద్దు కూడా అప్పటికి ఇంకా తేలవలసే ఉంది. ఫలానా రేఖ ఎవరికి లాభమని చూడకుండా, రేఖ గీసే విధానం గురించే ఆయన మాట్లాడారు.

ప్రశ్న: ఈ రంగంలోకి రావాలంటే మొదట ఏం చదవాలి?
(న్యాయశాస్త్ర విద్యార్థి, తిరుపతి)

జవాబు: మొదట 1982 ఒప్పందపు మూలపాఠం, ముఖ్యంగా రెండు, ఐదు, ఆరు, పదిహేను భాగాలు చదవండి. తరువాత ఒక తీర్పు తీసుకుని, దానితో పాటు వచ్చిన భిన్నాభిప్రాయాలను కూడా వదలకుండా చదవండి. గ్రాండ్ ప్రిన్స్ తీర్పు ఇందుకు బాగా పనికివస్తుంది. న్యాయస్థానపు కార్యవిధాన నియమాలపై చంద్రశేఖరరావు గారు రిజిస్ట్రార్ ఫిలిప్ గోతియేతో కలిసి 2006లో వెలువరించిన వ్యాఖ్యానం పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది. దానిని నియమం పక్కన నియమం పెట్టుకుని నెమ్మదిగా చదవాలి.