నీలం గుడ్డు కావాలంటే కాస్త ఆగాలి

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఊరికి కొంచెం బయట ఉంటాం, పెరట్లో కోళ్ళు పెంచుతున్నాం. మరాన్స్ పెట్టలున్నాయి, చాక్లెట్ రంగు గుడ్లు పెడతాయి. నీలం గుడ్ల లైన్ అని చెప్తే ఒక ఈస్టర్ ఎగ్గర్ పుంజుని కొని వాటితో వదిలాం. నెలలు గడిచినా గుడ్ల రంగు అలాగే ఉంది. మోసపోయామా? మేత మార్చాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే మోసం అనుకోకండి. ఏ పుంజుని వదిలినా ఆ పెట్ట పెట్టే గుడ్డు పెంకు రంగు మారదండీ, పెంకు తయారయ్యేది పెట్ట ఒంట్లోనే కదా. ఆ గుడ్లు పొదిగించి, వాటిలో పెట్టపిల్లలు పెరిగి దాదాపు ఆరు నెలలకి గుడ్లు పెట్టడం మొదలెడితే అప్పుడు తెలుస్తుంది తండ్రి సంగతి. మేత మారిస్తే సొన రంగు మారుతుంది గానీ నీలం పెంకు రాదు.

నీలం రంగు బిలివర్డిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, అది పెంకు మందమంతా ఉంటుంది, పగలగొట్టి చూస్తే లోపలా నీలమే. బ్రౌన్ అలా కాదు, చివర్లో గోడకి రంగు వేసినట్టు పైపైన పడుతుంది. నీలం పెంకు మీద మీ మరాన్స్ ముదురు బ్రౌన్ పడితే ఆలివ్ పచ్చ వస్తుంది, అక్కడ ఆలివ్ ఎగ్గర్లు అని అమ్మేవి ఇవే. చిలీ అరౌకానా కోళ్ళలో ఈ నీలం ఎప్పుడో డీఎన్‌ఏలో దూరిన వైరస్ ముక్క వల్ల వచ్చిందని 2013లో తేల్చారు, చైనా నీలం గుడ్ల కోళ్ళలోనూ అలాంటి ముక్కే, కానీ విడిగా దూరింది.

ప్రతి జీన్‌కీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలొస్తాయి, నీలం జీన్ ఒక్క కాపీ ఉన్నా చాలు. చిక్కేంటంటే ఈస్టర్ ఎగ్గర్ అసలు ఒక జాతి కాదు, కలగలుపు, మీ పుంజులో రెండు కాపీలుంటే కూతుళ్ళన్నీ పచ్చ గుడ్లే, ఒకటుంటే సుమారు సగం, లేకపోతే అన్నీ బ్రౌనే. పుంజు తలమీద ఎర్రటి జుట్టు (కాంబ్) చూడండి. పళ్ళుపళ్ళుగా నిలబడకుండా మూడు వరసల చిన్న గడ్డల్లా ఉంటే దాన్ని పీ కాంబ్ అంటారు. ఆ జుట్టునిచ్చే జీన్, నీలం జీన్ పక్కపక్కనే ఉంటాయి, నీలం గుడ్లు పెట్టే అమెరౌకానా జాతి రక్తం ఉన్న పుంజుల్లో ఎక్కువగా కలిసే దిగుతాయి. మరాన్స్‌కి పళ్ళుపళ్ళుగా నిలబడే ఒంటి వరస జుట్టే, కాబట్టి పిల్లల్లో పీ కాంబ్ వచ్చిన పెట్టల్ని ఉంచుకోండి, నూటికి నూరు కాదు గానీ చాలావరకు పనిచేస్తుంది. క్రీమ్ లెగ్‌బార్ జాతితో ఈ కిటుకు పనికిరాదు, నీలం గుడ్డు పెట్టినా దానికి ఒంటి వరస జుట్టే. మన అసీల్ దానికి తిరగేసి, పీ కాంబ్ ఉంటుంది, గుడ్డు మాత్రం లేత గోధుమ రంగే. డేగ, కాకి, నెమలి అని దూరం నుంచే రంగు చెప్పేసే పందెం పెద్దలకైనా పుంజుని చూసి గుడ్డు రంగు చెప్పడం కష్టమే.

ప్రశ్న: కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుందా? ఫొటోలు వస్తున్నాయి.
– భీమవరం పాఠకుడు

జవాబు: ఉండదండీ. కోడి నలుపు, మాంసం కూడా నలుపే, గుడ్డు మాత్రం లేత గోధుమ. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకి 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది కూడా మాంసానికే. నల్ల గుడ్డని రేటు పెంచి అమ్మితే కొనకండి.