లివర్ రిపోర్టు నార్మల్, మరి 'కాలేయంలో చీ నిలిచిపోయింది' అంటే?

డిప్రెషన్‌కు మాత్రలు వాడుతూ చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరికీ వెళ్తే, ఆయన ఇలా చెప్పి మూలికలు రాశారని, గొంతులో ఏదో అడ్డుపడినట్టుందని మీరు అడిగారు. ఆ వైద్యుడు చెప్పిన కాలేయం, మీ స్కానింగ్‌లో కనబడిన కాలేయం ఒకటి కాదండీ, తికమకంతా అక్కడే. వాళ్ల లెక్కలో అది ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తిని సాఫీగా నడిపించే వ్యవస్థ; కోపం, దిగులు లోపలే అణుచుకుంటే ఆ నడక ఆగిపోతుందంటారు.

1. గొంతులో ఏదో అడ్డుపడి, మింగినా దిగనట్టుందన్నారు కదా, దాన్ని వాళ్లు 'ప్లమ్ గింజ చీ' అంటారు.

2. దిగులుతో పాటు నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే గుండె, ప్లీహం బలహీనపడ్డాయంటారు, మందూ మారుతుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: నాలుక, నాడి చూపించకుండా నిలిచిన చీ కోసం వాడే 'షియావ్ యావ్' అనే మూలికల మాత్రలు ఆన్‌లైన్‌లో కొనేస్తారు. దయచేసి అలా చేయకండి.

4. డిప్రెషన్ మాత్రలు సొంతంగా ఆపకండి. ఆ మూలికల చీటీ మీ సైకియాట్రిస్టుకు చూపించాకే వాడండి.