విరిగింది యాక్సిల్ కాదు, ప్యాడ్ వెల్డింగ్

ప్రశ్న: మాది చంద్రగిరి. నాన్నగారి గుర్తుగా ఉంచుకున్న అంబాసిడర్ కారు వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) పాడైతే, చెన్నై పుదుపేటలో పాత డీజిల్ బండి యాక్సిల్ ఒకటి కొని తెచ్చాను. తిరుపతిలో ఒక మెకానిక్ దాని ప్యాడ్లు (కమాన్లు కూర్చునే ఇనుప పీటలు) కోసి, మా కారు కమాన్లకు (స్ప్రింగు పట్టీలకు) సరిపోయేలా మళ్లీ వెల్డింగ్ చేసి, యూ బోల్టులతో బిగించాడు. మొత్తం 46 వేలు. 20 వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది చేతికిచ్చాను. బిల్లు ఇవ్వలేదు. ‘ప్యాడ్లు, బోల్టులు నేను చూసుకుంటాలే అన్నా’ అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ఆ పాత ఫోన్ ఇప్పుడు మా అబ్బాయి వాడుతున్నాడు. పని అయి ఏడాది పది నెలలైంది. గత నెల భాకరాపేట ఘాట్ దిగుతుంటే వెనక యాక్సిల్ ఒక పక్కకు జరిగింది, ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడింది. కుటుంబమంతా కారులోనే ఉన్నాం. ఇప్పుడు మెకానిక్ ‘యాక్సిల్ నువ్వు తెచ్చిందే కదా’ అంటున్నాడు. కారు వేరే షెడ్డులో ఉంది. కుడి పక్క ప్యాడ్ వెల్డింగ్ దగ్గర ఊడిందని, యాక్సిల్‌కు ఏమీ కాలేదని అక్కడ చెప్పారు. మోరీ గోడకు తగిలిందని ఇన్సూరెన్స్ క్లెయిం వేద్దామంటున్నారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కారు, ఆ ఆదాయమూ పోయింది. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: కేసును తేల్చే మాట మీ ప్రశ్నలోనే ఉంది. ప్యాడ్ ఊడింది, యాక్సిల్ బాగుంది. యాక్సిలే విరిగి ఉంటే మెకానిక్ వాదనకు బలం ఉండేది, ఎందుకంటే సెకండ్‌హ్యాండ్ సరుకు ఎంచుకుని తెచ్చింది మీరు. కానీ ప్యాడ్ ఎక్కడ పెట్టాలి, ఎలా వెల్డింగ్ చేయాలి, ఎంత మందం బోల్టు వేయాలి అన్నవి అతను డబ్బు తీసుకుని చేసిన పనులు. అది సేవ. అందులో లోపం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) కిందికి వస్తుంది.

యాక్సిల్ నువ్వే తెచ్చావన్న మాట అతనికే ఎదురు తిరుగుతుంది. వేరే బండి యాక్సిల్ మీద ప్యాడ్ల మధ్య దూరం మీ కారు కమాన్ల దూరానికి కలవదు. అందుకే కోసి మళ్లీ అతికించాలి. ఆ వెల్డింగ్ లోపలిదాకా దిగాలి, రెండు ప్యాడ్లూ ఒకే కోణంలో కూర్చోవాలి, కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల ప్యాడ్ రంధ్రంలో వదులు లేకుండా ఇమడాలి. కోణం తప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది. ఈ యాక్సిల్ మీ కారుకు పనికిరాదని అనిపిస్తే మొదటి రోజే చెప్పాల్సింది. బిగించి డబ్బు తీసుకున్నాక ఆ మాటకు విలువ తక్కువ.

అతని దగ్గర ఇంకో వాదన ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి. కొత్త యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. ‘రమ్మన్నాను, రాలేదు’ అంటాడు. నిజంగా రమ్మన్నాడా? రమ్మంటే మీరు వెళ్లారా? ఇది నాకు రాయలేదు. మీ వకీలు దగ్గర మాత్రం దాచకండి.

లోపం వెల్డింగ్‌దేనని చెప్పే సాక్ష్యం ఆ ఊడిన ప్యాడే. విరిగిన చోట కొంత భాగం తుప్పు పట్టి, మిగతాది మెరుస్తూ ఉంటే, పగులు చాలాకాలంగా ఉందని నిపుణుడు చెప్పగలడు. వెల్డింగ్ పైపైన పడిందో, లోపలికి దిగిందో కూడా అక్కడే కనిపిస్తుంది. అలాంటి కారును నెల రోజులుగా ఊరికే షెడ్డులో వదిలేశారంటే ఏమనాలి? ఎవరో గ్రైండర్ పెట్టి శుభ్రం చేసి మళ్లీ అతికిస్తే మీ కేసు అక్కడితో ఆఖరు. ఈరోజే వెళ్లి పని ఆపించండి. రెండు పక్కల ప్యాడ్లు, యూ బోల్టులు, నట్లు, సెంటర్ బోల్టులు ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు, వీడియో తీయండి. ఊడిన ముక్కను రుద్దకుండా, నూనె పూయకుండా పొడిగా కవర్లో భద్రపరచండి.

ఆ పాత ఫోన్ కూడా అబ్బాయి దగ్గర నుంచి వెనక్కి తీసుకోండి. ఫార్వర్డ్ చేసిన వాయిస్ కన్నా అసలు ఫోన్‌లో ఉన్నదానికి బలం ఎక్కువ. కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్‌పే రికార్డు డబ్బు ముట్టిందని చెబుతుందే కానీ ఏ పనికి ముట్టిందో చెప్పదు. బిల్లు లేని మీకు ఆ రెండోది చెప్పేది వాయిసే.

ఇక గడువు. ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. ఎప్పటినుంచి అన్నదే గొడవ. లోపం బయటపడ్డ రోజు నుంచి అని మనం వాదించవచ్చు, పని అప్పగించిన రోజు నుంచి అని అవతలి వకీలు వాదిస్తాడు. ఆ వాదన మీద ఎందుకు బతకాలి? ఇంకా రెండు నెలలుంది, ఆలోపే వేయండి. ‘పండగ పోనీ, చేపిస్తాలే’ అని మెకానిక్ చెప్పే మాటలతో గడువు ఆగదు. లీగల్ నోటీసుతోనూ ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ తగిన కారణం చూపాలి, మొహమాటం కారణం కాదు.

ఇన్సూరెన్స్ మాట మరిచిపొండి. ముందు మీ పాలసీ తీసి చూడండి, పాత కార్లకు చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. సొంత నష్టం కవర్ ఉన్నా, యాంత్రిక లోపంతో విరిగితే పరిహారం రాదు. అందుకే గోడ కథ అల్లమంటున్నారు. అది మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. పైగా క్లెయిం ఫారంలో గోడ అని రాసి, కమిషన్ ముందు వెల్డింగ్ అంటే మీ సంతకమే మిమ్మల్ని అబద్ధాలకోరని తేలుస్తుంది. సలహా ఇచ్చిన షెడ్డు ఆయన సాక్ష్యానికి రాడు.

అద్దె ఆదాయం అడగడం ఇంకో గొయ్యి. వ్యాపార ప్రయోజనానికి సేవ పొందినవాడు వినియోగదారుడు కాదు. సొంత ఉపాధికి మినహాయింపు ఉంది కానీ, సొంత వాడకం నంబరు మీద ఉన్న కారును అద్దెకు తిప్పడం పర్మిట్ లేని నేరం. దాన్ని మీరే రాతపూర్వకంగా ఒప్పుకుంటారా? ఆ పద్దు వదిలేయండి, తిప్పడమూ మానేయండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా అవతలివాళ్లు తీస్తారు. కారు మౌలిక లక్షణం మారేలా నిర్మాణం మార్చకూడదు. మారిస్తే సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో రాసిన వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఇప్పుడు కారుకు ఉందో లేదో కొలిపించండి. తేడా వస్తే ఫిర్యాదు రాసే ముందే వకీలుకు చెప్పండి.

చేయాల్సింది ఇది. స్వతంత్ర ఆటోమొబైల్ ఇంజనీరుతో, లేదా లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరుతో తనిఖీ చేయించి సంతకంతో రిపోర్టు తీసుకోండి. మెకానిక్‌కు 15 రోజుల నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, తనిఖీ తేదీ అందులోనే రాయండి. రాకపోతే అది అతని ఇష్టం. తర్వాత తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బిగింపుకు ఇచ్చిన డబ్బు, టోయింగ్ ఖర్చు, మరమ్మతు అంచనా, మానసిక వేదనకు మితంగా ఒక మొత్తం అడగండి. యాక్సిల్ ఖరీదు మాత్రం అడగవద్దు, అది బాగానే ఉంది.