కొత్త ఫ్లాట్‌లో మూడు ఏసీలు ఒకేసారి అక్కర్లేదు

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాట్ కొని మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. మాపైన ఇక డాబానే. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,10,000 వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 43,000, ఇంటి ఖర్చు 40,000. పొదుపు 1,80,000 మిగిలింది. ఎండలు ముదరకముందే మూడు 1.5 టన్నుల 5 స్టార్ హాట్ అండ్ కోల్డ్ ఏసీలు, రెండు 25 లీటర్ల గీజర్లు తీసుకోమని డీలర్ 1,92,000కు కొటేషన్ ఇచ్చాడు. నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 16,000, ఏడాదిలో తీరిపోతుందట. మాకు ఇద్దరు పిల్లలు, మా అత్తగారికి 70 దాటాయి. తీసుకోమంటారా?

జవాబు: ఆ కొటేషన్ మీద సంతకం చేయకండి. అత్తగారి గదికి మాత్రం ఈ వేసవిలోనే ఏసీ పెట్టించండి, అందులో రాజీ వద్దు. పెద్ద వయసులో శరీరం వేడిని తట్టుకోలేదు, పై అంతస్తులో మరీ కష్టం. మిగతావన్నీ ఆగగలవు.

ముందు లెక్క చూద్దాం. 43,000కు 16,000 కలిస్తే నెలనెలా 59,000 వాయిదాలకే పోతుంది. జీతంలో సగానికి పైనే. అప్పుడు ఇంటి ఖర్చు పోను మిగిలేది 11,000. ఆ నెలలోనే పిల్లల స్కూల్ ఫీజు వచ్చిందనుకోండి, క్రెడిట్ కార్డు తీయాల్సిందే. మీ పొదుపు చూస్తే నిండా రెండు నెలల ఖర్చుకు, అంటే ఈఎంఐతో కలిపి 83,000 చొప్పున, కాస్త ఎక్కువ. ఇల్లు కొన్న మొదటి ఏడాదిలో ఉద్యోగానికో ఆరోగ్యానికో ఏదైనా అయితే నిలబెట్టేది ఆ డబ్బే.

నో కాస్ట్ అన్న మాటనూ నమ్మొద్దు. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. మామూలుగా కంపెనీ ఇచ్చే డిస్కౌంట్‌ను వడ్డీకి సర్దుతారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, పైగా ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, తేడా అక్కడే బయటపడుతుంది.

ఇక అసలు సంగతి మీ డాబా. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు ఆ వేడిని దాచుకుని రాత్రి పది, పదకొండింటిదాకా గదుల్లోకి వదులుతూనే ఉంటుంది. ఏసీ పెట్టినా చాలా శక్తి ఆ కప్పుతో పోరాడటానికే ఖర్చవుతుంది. అందుకే నేనైతే మొదటి రూపాయి డాబా మీదే పెట్టమంటాను. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ తెల్ల టైల్స్ గానీ వేయిస్తే ఎండ చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ ఇందుకే. డాబా ఉమ్మడి ఆస్తి కాబట్టి అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నీరు కారకుండా చేసే పూతా దీంతోపాటే అయిపోతుంది కాబట్టి కొంత ఖర్చు వాళ్లనూ భరించమని అడగడం న్యాయమే. పని వానలకు ముందే, డాబా పొడిగా ఉన్నప్పుడే కావాలి. దీనికి 35,000 పక్కన పెట్టుకోండి. అది చాలకపోతే ఈ ఏడాదికి సున్నం వేయించినా మేలే, కాకపోతే ఏటా మళ్లీ వేయాలి.

డాబా పని అయ్యాక ఏసీ సైజు కూడా తగ్గుతుంది. నూటపది చదరపు అడుగుల పడకగదికి 1 టన్ను సరిపోతుంది. నూటయాభై, నూటఎనభై మధ్య ఉంటే 1.5 టన్ను. గదులు కొలవకుండా అన్నింటికీ ఒకే సైజు రాసిన కొటేషన్ మీ ఇంటిని చూసి రాసింది కాదు. హాట్ అండ్ కోల్డ్ అయితే హైదరాబాద్ చలికి అవసరమే లేదు. డిసెంబర్‌లో రగ్గు చాలు, ఆ అదనపు డబ్బు మిగుల్చుకోండి.

స్టార్ల విషయం. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. 3 స్టార్‌కూ 5 స్టార్‌కూ 200 యూనిట్ల తేడా, ధరలో 8,000 తేడా అనుకుందాం. అత్తగారి గదిలో మార్చి నుంచి జూన్ వరకు రోజుకు 12 గంటలు నడిస్తే 1,440 గంటలు. ఆదా 180 యూనిట్లు, యూనిట్ 9 రూపాయల చొప్పున 1,620. ఐదేళ్లలో ఆ 8,000 తిరిగొస్తుంది, కాబట్టి అక్కడ 5 స్టారే తీసుకోండి. అదే హాల్లో రోజుకు రెండు గంటలే నడిస్తే ఏడాదికి 270 మిగులుతుంది. ముప్పై ఏళ్లకు గానీ డబ్బు రాదు, అంతకాలం ఏ ఏసీ బతకదు. ఇంకో జాగ్రత్త: 2026 జనవరి నుంచి స్టార్ ప్రమాణాలు కఠినమయ్యాయి. పాత స్టాకులోని 5 స్టార్, కొత్త లేబుల్‌లోని 5 స్టార్ సమానం కావు. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో చదివి ధర మాట్లాడండి.

కొనే ధరకన్నా కరెంటు బిల్లు మిమ్మల్ని ఎక్కువ కాలం వెంటాడుతుంది. మన దగ్గర 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 820. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200 కూడా 5.10 లెక్కన పడి 1,027 అవుతుంది. ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, తర్వాత 800 దాకా 9.50. ఏసీలు కాకుండా మీ వాడకం 180 యూనిట్లనుకుంటే, మే నెలలో మూడూ నడిస్తే 720 దాకా పోయి బిల్లు 5,730 వస్తుంది. అత్తగారి గదిది ఒక్కటే అయితే 468 యూనిట్లకు 3,336. పిల్లల్ని నాయనమ్మ దగ్గరే పడుకోబెట్టండి. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం వీటికి అదనం. 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టి పైన ఫ్యాన్ తిప్పితే ఇంకా తగ్గుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బీఈఈ చెబుతోంది. మీ గదికి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ వేసుకోండి, పాతవి 75 వాట్లు తింటాయి.

గీజర్ ఒకటి, 15 లీటర్లది చాలు. అందులోని నీళ్లు ఒకసారి కాగడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. బకెట్ స్నానాలకు 25 లీటర్లెందుకు? మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే హీటింగ్ కాయిల్‌కు ఉప్పు పొర కడుతుంది, ఏటా విప్పి శుభ్రం చేయించండి.

డబ్బు ఎలా సర్దాలంటే: డాబాకు 35,000, బిగింపుతో కలిపి ఏసీకి 48,000, గీజర్‌కు 9,000. మొత్తం 92,000. సగం పొదుపు నుంచి తీయండి, మిగతా సగం రెండు నెలల మిగులులోంచి వస్తుంది. తర్వాత మీ గది ఏసీ వచ్చే ఏడాది వరకు ఆగాలి. ఈలోపు నెలకు మిగిలే 27,000లో 1,000 ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి, అది సర్వీసుకూ రిపేరుకూ. మిగతాదంతా పొదుపులోకి వెళ్లి 5 లక్షలు చేరేదాకా మరో వాయిదా తలకెత్తుకోవద్దు.

బిగించే ముందు మూడు పనులు. ఏసీకి డీబీ (ఇంటి కరెంటు లైన్లు విడిపోయే పెట్టె) నుంచి విడిగా లైను, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) ఉన్నాయో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రాగి పైపు మూడు మీటర్లు దాటితే మీటరుకు ఎంత, స్టాండుకు ఎంత అన్నది ముందే బిల్లులో రాయించండి. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, ఎన్ని కిలోవాట్లో చూడండి. రెండో ఏసీ వచ్చేనాటికి అది చాలకపోతే డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థ) అదనపు లోడ్ దరఖాస్తు పెట్టాలి, దానికీ ఛార్జీ ఉంటుంది.